ఉగ్రవాదానికి మూలం మతమా, అజ్ఞానమా?

2025 ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గాం వద్ద 26 మంది హతులయ్యారు. వారిలో ఇద్దరు మన రాష్ట్రంవారు. ఒకరిది విశాఖపట్నం, మరొకరిది కావలి. హంతకులు పేరు అడిగి, మతం అడిగి, కొందరిని కలిమా చదవమన్నారని ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. యాత్రికులను కాపాడబోయిన స్థానిక ముస్లిం గుర్రపువాడొకడు కూడా ఆ తుపాకులకే బలి అయ్యాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, విజయవాడలోని మా మద్రసాలో పాఠం ముగిశాక, ఒక విద్యార్థి వెళ్ళకుండా నిలబడిపోయాడు. పగలు ఇంజనీరింగ్ చదువు, సాయంత్రం మా వద్ద ఖుర్ఆన్ పారాయణం. "హజ్రత్, వాళ్ళు చదవమన్నది మన కలిమాయే కదా?" అన్నాడు. మేము వెంటనే "వాళ్ళు ముస్లిములే కారు, ఆ మాట వదిలెయ్" అన్నాము. అతడు వదలలేదు. ఫోన్ తీసి, ఎవరో పంపిన చిన్న వీడియో చూపించాడు. అందులో తౌబా సూరాలోని ఐదవ ఆయతును ఒకడు గంభీరంగా చదివి, చంపుటకు అది అనుమతి అని చెబుతున్నాడు. "ఇది ఖుర్ఆన్‌లో ఉన్నదా, లేదా?" అని అతడు అడిగాడు. మాకు కోపం వచ్చింది. ఇటువంటివి చూడవద్దని గద్దించి పంపివేశాము. అతడు రెండు నెలలు పాఠానికి రాలేదు.

ఈ రెండు నెలలూ మేము నలుగురితో ఈ ప్రశ్నను చర్చించాము. మనవారిలో అత్యధికులు చెప్పే సమాధానం ఒక్కటే: ఉగ్రవాదానికి కారణం మతం కాదు, అజ్ఞానం. వేదికలపై మేమూ ఇదే చెప్పాము. ఇప్పుడు ఆ మాటను కొంచెం నిలబెట్టి చూడవలసి వచ్చింది.

అజ్ఞానమంటే చదువు లేకపోవడమైతే ఈ సమాధానం నిలవదు. పంజా సెంటరు చుట్టుపక్కల బండ్లపై పండ్లు అమ్ముకొనేవారిలో, మూటలు మోసేవారిలో సంతకం రానివారెందరో మాకు తెలుసు. వారు ఎవరి జోలికీ పోరు. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానాన్ని భవనంపైకి నడిపిన ముహమ్మద్ అతా జర్మనీలోని హాంబర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో నగర నిర్మాణ శాస్త్రం అభ్యసించినవాడు. అల్‌ఖాయిదా నాయకుడు ఐమన్ అల్ జవాహిరీ శస్త్రవైద్యుడు. బాంబును సమయానికి పేలేటట్లు అమర్చడానికి చదువే కావాలి మరి!

ధర్మజ్ఞానం లేకపోవడమే అజ్ఞానమని కొందరు సవరిస్తారు. ఇది సత్యానికి మరికొంత సమీపం. అయితే మన చరిత్ర ఇక్కడా మనలను తేలికగా వదలదు. ఖవారిజ్‌లను తలచుకోండి. వారు రాత్రులు నమాజులో గడిపేవారు, దివ్యగ్రంథం వారి నాలుకలపై ఉండేది. అల్లాహ్‌కు తప్ప మరెవరికీ తీర్పు చెప్పే అధికారం లేదన్నది వారి నినాదం. ఆ పలుకు సత్యమే గానీ దానితో వారు కోరుతున్నది అసత్యమని హజ్రత్ అలీ (రజి) గుర్తించారు. చెట్టు నుంచి రాలిన ఖర్జూరాన్ని వారిలో ఒకడు నోట వేసుకుంటే, సొమ్ము చెల్లించకుండా ఎట్లా తింటావని తోటివారు ఉమ్మివేయించారట. ముస్లిమేతరుడి పందిని ఒకడు చంపితే, యజమానికి పరిహారం ఇప్పించారట. అదే ప్రయాణంలో వారు ప్రవక్త (స) సహచరుని కుమారుడైన అబ్దుల్లాహ్ బిన్ ఖబ్బాబ్‌ను, గర్భవతి అయిన ఆయన ఇల్లాలిని వధించారు. రాలిన పండు విషయంలో అంతటి భీతి, మనిషి ప్రాణం విషయంలో ఇంతటి నిర్భీతి! హిజ్రీ 40వ సంవత్సరం రమజాన్‌లో కూఫా మసీదులో ఫజ్ర్ వేళ హజ్రత్ అలీని (రజి) విషపు కత్తితో కొట్టిన ఇబ్నె ముల్జిమ్ కూడా ఈ వర్గంవాడే.

ఇటువంటివారిని అజ్ఞానులనడం కంటే అర్ధజ్ఞానులనడం సరిపోతుందేమో. తెలియనివాడు అడుగుతాడు. సగం తెలిసినవాడు అడగడు, తీర్పు చెబుతాడు. ఒక ఆయతును ముందు వెనుకల నుంచి కోసి చేత పట్టుకొని, ఖాజీ తానే, సాక్షి తానే, తలారి తానే అవుతాడు. కాబట్టి మతం పేరు అక్కడ లేదని మనం బుకాయించలేము. ఉన్నది. వారు దానిని వాడుకుంటున్నారు, మన ఇంటి మాటలతోనే వాడుకుంటున్నారు. "వాళ్ళు మనవాళ్ళే కారు" అన్న మా సమాధానం ఆ కుర్రవానికి చాలకపోవడంలో వింత లేదు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా మనవారు హైదరాబాదును గుర్తుచేస్తారు. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో నమాజుకు వచ్చినవారి మధ్య బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ తరువాత పోలీసు కాల్పులలో ఐదుగురు మరణించారు. బాధితుల సమాజం నుంచే ఎందరో యువకులను పట్టుకుపోయారు. వారు నిర్దోషులుగా బయటపడ్డాక నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. ఆపై మరొక వర్గానికి చెందిన ఐదుగురిపై విచారణ నడిచింది. 2018 ఏప్రిల్ 16న వారినీ న్యాయస్థానం విడిచిపెట్టింది. ఇది మానని గాయం, దీనిని చెప్పుకోవలసిందే. అయితే అదే నగరంలో నూరు రోజులైనా గడవకముందే, ఆగస్టు 25న, లుంబినీ పార్కులోనూ కోఠీ గోకుల్ చాట్ వద్దా బాంబులు పేలి 42 మంది చనిపోయారు. విహారయాత్రకు వచ్చిన మహారాష్ట్ర ఇంజనీరింగ్ విద్యార్థులు వారిలో ఉన్నారు. ఆ కేసులో 2018 సెప్టెంబరులో మరణశిక్ష పడిన ఇద్దరూ ముస్లిం పేర్లవారే. మొదటి సంఘటనను అడ్డుపెట్టుకొని రెండవదానిని దాటవేయడం న్యాయం కాదు. దాటవేసేవారిలో కొంతకాలం మేమూ ఉన్నాము.

ఉలమా మౌనంగా ఉన్నారన్న నింద మాత్రం సత్యం కాదు. 2008 ఫిబ్రవరి 25న దేవబంద్ దారుల్ ఉలూమ్‌లో జరిగిన మహాసభ ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించింది. ఆ మే 31న ఢిల్లీ రాంలీలా మైదానంలో ఫత్వా వెలువడింది. ఆ నవంబరులో హైదరాబాదులో వేలాది ఉలమా దానిని బలపరిచారు. అదంతా ఉర్దూలో సాగింది. కృష్ణా డెల్టాలోని నూర్‌బాషా కుటుంబాలలో ఉర్దూ అర్థమయ్యేవారు ఎందరు? ఆ ఫత్వాను మా పేటలో తెలుగులో ఎవరైనా చదివి వినిపించారా? మేము వినిపించలేదు. దివ్యఖుర్ఆన్‌ను మొదట తెలుగులోకి తెచ్చినవారు డాక్టర్ చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితులు. ఆ సంగతి చెప్పుకొని మురిసిపోతాము గానీ, అక్షరాలు పలకడానికి నాలుగేండ్లు నేర్పిన పిల్లవానికి ఆయతు భావం చెప్పడానికి నాలుగు వారాలు కేటాయించము. మఖ్రజ్ తప్పితే బెత్తం తీసే మేము, అర్థం తప్పినవానిని గద్దించి పంపివేశాము.

హజ్రత్ అలీ (రజి) ఖవారిజ్‌ల వద్దకు మొదట సైన్యాన్ని పంపలేదు, హజ్రత్ ఇబ్నె అబ్బాస్‌ను (రజి) పంపారు. ఆయన వారి మధ్య కూర్చొని, వారి ఆక్షేపణలను ఒక్కొక్కటిగా విని, ఖుర్ఆన్ నుంచే జవాబు చెప్పారు. రెండువేల మంది తిరిగి వచ్చారని ఒక ఉల్లేఖనం. ఈ పాఠాన్ని మేము ఏటా చెబుతాము!

జూన్ చివరలో మేమే ఆ విద్యార్థి ఇంటికి వెళ్ళాము. తండ్రి పరుపులు కుట్టుకొని జీవించే నూర్‌బాషా. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. "మావాడేమైనా తప్పు చేశాడా, హజ్రత్ గారూ?" అన్నాడు. తప్పు మాదని చెప్పాము. దూది మూటల ప్రక్కన చాపపై కూర్చొని, తౌబా సూరాను మొదటి నుంచి తెలుగు తాత్పర్యంతో చదివాము. ఒడంబడికను భంగం చేసి యుద్ధానికి దిగినవారి ప్రసక్తి అది. ఒడంబడికకు కట్టుబడినవారిని అందులోనే మినహాయించడం జరిగింది. ఐదవ ఆయతు వెంటనే ఆరవది వస్తుంది. ఆ బహుదైవారాధకులలో ఎవరైనా శరణు వేడితే శరణు ఇచ్చి, దైవవాక్కు వినిపించి, అతనిని సురక్షితమైన చోటికి చేర్చమన్నది దాని భావం. విద్యార్థి ఆ పంక్తిపై వేలుపెట్టి రెండుసార్లు చదివాడు. "వీడియోలో ఇది లేదు" అన్నాడు. తండ్రి సూది పక్కనపెట్టి, "నేను చిన్నప్పటి నుంచి ఈ సూరా చదువుతున్నాను, ఇందులో ఇది ఉందని నాకూ తెలియదు" అన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఇషా తరువాత ఏడుగురు వస్తున్నారు. తెలుగులోనే చదువుతున్నాము, ఏ ప్రశ్ననూ ఆపడం లేదు. పోయిన వారం 29వ ఆయతు వద్దకు చేరాము. జిజ్యాపై ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు మా వద్ద వెంటనే జవాబు లేకపోయింది. తఫ్సీర్లు చూసి వచ్చే ఆదివారం చెబుతామన్నాము. ప్రస్తుతం అవే తిరగవేస్తున్నాము.