వాకబు యాచన కాదు

రైల్వే క్వార్టర్లలోను, తపాలా ఉద్యోగుల కాలనీలలోను నేడు దరఖాస్తుదారు లేని వీధి లేదు. ఇంటర్మీడియట్ వొకేషనల్‌లో మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ముగించిన అమ్మాయి, ఆసుపత్రిలో శిక్షణ పొందిన అబ్బాయి నర్సింగ్ అసిస్టెంటుగా తొలి ఉద్యోగం కోరుతూ పది చోట్ల దరఖాస్తులు పెట్టి ఎదురుచూస్తున్నారు. రోగిని పక్కకు తిప్పుట, ఒళ్లు తుడుచుట, జ్వరం చూచి వ్రాసిపెట్టుట - ఈ పనులు లేనిదే ఏ వార్డూ ఒక్క పూట నడువదు. అయినను ఆ పని చేయ వచ్చిన బిడ్డల దరఖాస్తుకు రెండు పంక్తుల జవాబు వ్రాయుటకు కార్యాలయాలకు తీరిక చిక్కుట లేదు.

ఈ మౌనం చిన్న విషయం కాదు. జవాబు రాని ప్రతి నెలా అభ్యర్థి వయోపరిమితిలో ఒక నెల తరిగిపోతున్నది. జవాబు రాని చోటనే దళారి ప్రవేశించి, ‘నీ ఫైలు ఫలానా బల్ల మీద ఉన్నది, కదిలించాలంటే ఇంత అవుతుంది’ అంటున్నాడు. తండ్రి సొసైటీలో అప్పు తీసుకుంటున్నాడు. అధికారుల మౌనమే దళారికి పెట్టుబడి.

నిరీక్షణ ఎంత దీర్ఘమో మన రైల్వేలే చూపించినవి. లెవెల్-1 నియామకాలకు 1,03,769 ఖాళీలతో 2019లో ప్రకటన వెలువడగా, పరీక్షలు 2022 ఆగస్టులో గాని మొదలు కాలేదు. మధ్యలో, ఫోటో లేదా సంతకం సరిగా లేదన్న కారణంపై దాదాపు 4 లక్షల 85 వేల దరఖాస్తులు తిరస్కృతమైనవి. 2021 డిసెంబరులో వాటిని సరిదిద్దుకొనుటకు కొద్ది రోజుల గడువు ఇచ్చారు. తమ దరఖాస్తు సంగతి కనుక్కొంటూ ఉన్నవారికి ఆ గడువు అక్కరకు వచ్చినది. ‘పిలిస్తే వారే పిలుస్తారులే’ అని ఊరుకొని, ఈలోగా ఫోను నెంబరు కూడా మార్చిన వారి మాటేమిటి? అయితే 2020లో కోవిడ్ విజృంభించినపుడు ఇవే రైల్వేల ఆసుపత్రులు కాంట్రాక్టు పద్ధతిపై పారామెడికల్ సిబ్బందిని త్వరితగతిని తీసుకొనగలిగినవి. అనగా లోపించినది శక్తి కాదు, సంకల్పం.

కావున మన బిడ్డలకు మొదట చెప్పవలసిన మాట ఇది: సిఫారసు వేరు, వాకబు వేరు. సిఫారసు ఇతరుల అవకాశాన్ని లాగుకొనుట. వాకబు తన దరఖాస్తు గతి ఏమైనదో తెలుసుకొనుట. మొదటిది మనకు తగదు, రెండవదానికి సిగ్గుపడనక్కరలేదు.

వాకబుకు ఒక పద్ధతి కావాలి. ప్రకటన ప్రతి, దరఖాస్తు నెంబరు, రుసుము రసీదు, పోస్టు రసీదు ఒక్కచోట భద్రపరచాలి. ఏ తేదీన ఎవరిని ఏమి అడిగినదీ ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రి అయితే, దరఖాస్తు ఇచ్చిన వారం పది రోజులకు అభ్యర్థి స్వయంగా వెళ్లి, అందినదా, ఇంటర్వ్యూ ఎప్పుడు, ఇప్పుడు ఖాళీ లేనిచో మరల ఎప్పుడు రావాలి అని మర్యాదగా అడగాలి. తండ్రి వెంట వెళ్లినను మాట్లాడవలసినది బిడ్డయే. అసలు సర్టిఫికెట్లు ఎవరి వద్దా వదిలి రాకూడదు. డిపాజిట్టు అడిగిన చోట తిరిగి వచ్చేయాలి.

రైల్వే ఆసుపత్రి, ప్రభుత్వ ఆసుపత్రి అయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. తపాలా సోదరులు ప్రతిదినం అమ్మే పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, ఖాళీలెన్ని, భర్తీ ఏ దశలో ఉన్నది, తన మార్కులెన్ని అని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాన్ని అడుగవచ్చును. 30 దినాలలో సమాచారం ఇవ్వవలసి ఉన్నది. రానిచో మరి 30 దినాలలోగా మొదటి అప్పీలు చేసుకొనవచ్చును.

ఇందులో భ్రమలు వద్దు. సమాచారం ఉద్యోగం కాదు. ఎంపిక జాబితాలో పేరున్నంత మాత్రాన నియామకం హక్కు కాబోదని సుప్రీంకోర్టు 1991లో శంకర్‌సన్ దాస్ కేసులో తీర్పు చెప్పినది. కాని ఖాళీలను భర్తీ చేయకుండా ప్రభుత్వం నిరంకుశంగా వ్యవహరించరాదని కూడా ఆ తీర్పులోనే చెప్పినది. మన వాకబుకు ఆధారం ఆ రెండవ మాటలోనే ఉన్నది.

అయితే ఒంటరి అభ్యర్థి వాకబు ఒక కిటికీ వద్ద ఆగిపోతుంది. అక్కడినుండి నడిపించవలసినది సంఘం. ప్రతి దరఖాస్తుకు రసీదు, ప్రతి తిరస్కరణకు కారణం, ప్రతి ప్రకటనకు కాలక్రమం ఉండాలని మేము డిమాండు చేస్తున్నాము. ఆసుపత్రులలోని శాశ్వత పనికి శాశ్వత నియామకం జరగాలని, కాంట్రాక్టరుకు అప్పగించరాదని డిమాండు చేస్తున్నాము.

ప్రతి శాఖా వారానికి ఒక సాయంత్రం యూనియను ఆఫీసు తలుపు ఈ బిడ్డలకై తెరచి ఉంచాలని కోరుతున్నాము. దరఖాస్తు నింపుటకు, ఉత్తరం వ్రాయుటకు, అప్పీలు తయారుచేయుటకు తెలిసిన సభ్యుడొకరు అక్కడ కూర్చుంటే చాలు. మన ఉద్యోగాలలో చేరిన కొత్తలో సర్వీసు రూల్సు విప్పి చెప్పిన పెద్దలు మనకుండిరి. ఆ ఋణం తీర్చుకొను సమయమిదే.