కుక్కకాటు బాకీ

కుక్క కరిచిందని చెబితే మన ఊళ్లలో ముందుగా అడిగేది, "సూదులు వేయించుకున్నావా?" అని. వేయించుకున్నానంటే ఇక అడగడానికేమీ మిగలదు. ఎవరి కుక్క, గేటెందుకు తీసి ఉంది, ఆ వీధిలో ఇంతకుముందు ఎందరిని కరిచింది, మందుల ఖర్చూ పోయిన కూలీ ఎవరిస్తారు అని ఎవరైనా ఆరా తీస్తే నవ్వుతారు. "కుక్క మీద కేసేంటండీ, నోరులేని జీవం, దానికేం తెలుసు!" పక్కింటివాళ్ల కుక్కయితే ఇంకో మాట తోడవుతుంది. "రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్లం, పోనిద్దురూ."

ఈ "పోనిద్దురూ"తోనే నా పేచీ. కుక్కకేమీ తెలియదు, నిజమే. అందుకే చట్టం కుక్క జోలికి పోకుండా దాని గొలుసు పట్టుకోవాల్సిన మనిషిని అడుగుతుంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ చూడండి. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు రాగలిగినప్పుడు, తెలిసి గానీ నిర్లక్ష్యంగా గానీ తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూలైకి ముందు ఇదే నేరం పాత శిక్షాస్మృతిలో 289వ సెక్షన్‌గా ఉండేది, జరిమానా వెయ్యి దాటేది కాదు. అప్పుడైనా ఇప్పుడైనా పోలీసులు కోర్టు ఉత్తర్వు కోసం ఆగకుండా కేసు కట్టదగిన నేరమిది. స్టేషన్‌కి వెళ్తే "ఇలాంటివి మీలో మీరు మాట్లాడుకోండి" అని పంపేస్తున్నారంటే ఆ సలహా ఏ సెక్షన్‌లోనూ లేదు.

జరిమానా సర్కారు ఖాతాకు పోతుంది, కరిపించుకున్నవాడికేం ఒరుగుతుందని అడగవచ్చు. శిక్ష వేసే మేజిస్ట్రేటు బాధితుడికి పరిహారం చెల్లించమని నిందితుడిని ఆదేశించవచ్చు. ఆ అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉండేది, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. అది చాలదనుకుంటే సివిల్ దావా ఎలాగూ ఉంది. వైద్యం ఖర్చు, పోయిన జీతం, పడ్డ బాధ, మొహం మీద మిగిలిన మచ్చ, అన్నీ అందులో లెక్కకు వస్తాయి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరును ఉచితంగా పెడతారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ న్యాయసేవల ఆఫీసు ఉంటుంది. ఆ గడప తొక్కిన కుక్కకాటు బాధితులెందరో ఊహించడం కష్టం కాదు.

గేటుకు "కుక్క ఉంది జాగ్రత్త" అని బోర్డు తగిలిస్తే బాధ్యత తీరిపోయిందనుకునే యజమానులు చాలామంది. నా దృష్టిలో ఆ బోర్డు ఆయన మీదే సాక్ష్యం. తన కుక్క కరవగలదని ఆయనకు తెలుసు, తెలుసు కాబట్టే రాయించాడు. తెలిశాక ఏం చేశాడన్నదే 291వ సెక్షన్ అడిగే ప్రశ్న. పాలవాడు, గ్యాస్ కుర్రాడు, కరెంటు మీటరు చూసే మనిషి ఆ గేటు లోపలికి సరదాకు రారు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన ఒక యువకుడు ఆ ఇంటి పెంపుడు కుక్క మీదికి రావడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఒంటి మీద పంటిగాటు లేకపోయినా జరిగిన నష్టం నష్టమే. అలాంటప్పుడు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద కుటుంబం దావా వేయవచ్చు. ఆ చట్టం వయసు నూట డెబ్బై ఏళ్లు దాటింది, అయినా మన వీధుల్లో దాని పేరు విన్నవాళ్లు అరుదు.

పెంపుడు కుక్కకు కనీసం యజమాని ఉన్నాడు. వీధికుక్కకు ఎవరున్నారు? ఎవరూ లేరు కాబట్టి బాధ్యత కూడా ఎవరిదీ కాదన్నది చదువుకున్నవాళ్లూ నమ్మే మాట. జంతు జనన నియంత్రణ నియమాలు 2001లో మొదటిసారి వచ్చాయి, 2023లో కొత్తవి వచ్చాయి. వీధికుక్కలను పట్టడం, ఆపరేషన్ చేయించడం, రేబిస్ టీకా వేయించడం స్థానిక సంస్థ పని అని అవి చెబుతున్నాయి. మున్సిపాలిటీ ఆ పని చేయకపోవడం వల్ల గాయమైతే అది అనాథ గాయం ఎలా అవుతుంది?

రోడ్డు మీద నంబరు దొరకని లారీ గుద్ది పోయిందనుకోండి. యజమాని తెలియదు, డ్రైవరు తెలియదు. అయినా చట్టం చేతులెత్తేయలేదు. 2022 ఏప్రిల్ నుంచి హిట్ అండ్ రన్ కేసుల్లో చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు ఇస్తున్నారు. లారీ ఎవరిదో తేలకపోయినా బాధితుడికి డబ్బు అందాలన్న సూత్రాన్ని మనం ఒప్పుకున్నాం. దాన్ని లారీకి ఒప్పుకుని కుక్కకు కాదనడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు. కేంద్రం లెక్కల ప్రకారమే 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయి. ఇంత పెద్ద సంఖ్యను విధిరాత ఖాతాలో వేయడం సోమరితనం.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఏమిటంటే, కెమెరాకు చిక్కిన చావుకు డబ్బు, మిగతావాటికి సానుభూతి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో తండ్రి పనిచేసే చోట నాలుగేళ్ల పిల్లవాణ్ని కుక్కలు చంపాయి. సీసీటీవీ దృశ్యాలు దేశమంతా చూసింది. తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, పరిహారమూ ప్రకటించారు. అదే నెలలో పిక్క ఊడొచ్చి కుట్లు పడ్డవాళ్లకు ఏం దక్కింది? నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో క్యూ దక్కింది. టీకా సర్కారు ఆసుపత్రుల్లో ఉచితమే, కాదనను. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల రోజులు కూడా పోయాయి. కానీ చర్మంలో వేసే పద్ధతిలో ఈ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వెళ్లాలి. కూలికి పోయే మనిషికి నాలుగు ఓపీ క్యూలంటే నాలుగు రోజుల కూలి. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కావాలి, దాని కోసం ఊరి ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి పరుగు. ఉచిత వైద్యానికి అయిన ఈ ఖర్చు ఏ రికార్డులోనూ ఎక్కదు.

పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబరులో 193 పిటిషన్లను కలిపి ఒక తీర్పిచ్చింది. వీధికుక్క కరిస్తే పంటిగాటుకు కనీసం 10 వేలు, కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20 వేలు. ప్రాథమిక బాధ్యత ప్రభుత్వానిది. జిల్లా స్థాయిలో డిప్యూటీ కమిషనర్ అధ్యక్షతన కమిటీ, నాలుగు నెలల్లో నిర్ణయం. ఆ డబ్బును తప్పుచేసిన సంస్థ నుంచో వ్యక్తి నుంచో తర్వాత రాబట్టుకునే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. "పన్నుకింతని రేటు కడతారా" అని చాలామంది వెక్కిరించారు. నాకు ఆ తీర్పులో అన్నిటికన్నా నచ్చింది ఆ రేటే. నిర్లక్ష్యం ఎవరిదో రుజువు చేస్తూ బాధితుడు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగనక్కర్లేదు. డాక్టరు స్కేలు పెట్టి కొలిచి చీటీ మీద రాస్తే అదే లెక్క. పేదవాడికి అందే న్యాయం ఇంత మొరటుగానే ఉండాలి, నాజూకైన న్యాయానికి ఫీజు ఎక్కువ. అంతకుముందే, 2016లో, కేరళలో కుక్కకాటు పరిహారాలు తేల్చడానికి సుప్రీంకోర్టు జస్టిస్ సిరిజగన్ కమిటీని వేసింది. కాబట్టి దారి లేదనే మాట చెల్లదు.

పరిహారం మొదలుపెడితే మున్సిపాలిటీలు దివాలా తీస్తాయంటారు. ఈ భయాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. ఇవాళ కుక్కలకు ఆపరేషన్లు చేయించకపోతే కమిషనరు జేబు నుంచి గానీ కౌన్సిల్ బడ్జెట్ నుంచి గానీ ఒక్క రూపాయి పోదు. చేయిస్తేనే ఖర్చు. ఊరుకుంటే మిగులు అనే ఈ లెక్క తిరగబడనంత కాలం కుక్కలను పట్టే వ్యాన్లు కదలవు. దొంగ క్లెయిములు వస్తాయంటారు. వస్తాయి. మోటారు ప్రమాదాల్లోనూ వస్తున్నాయి, అంతమాత్రాన ట్రిబ్యునళ్లు మూసేశామా? పైగా పంటిగాటును నటించడం కంటే నడుంనొప్పిని నటించడం చాలా తేలిక.

కుక్కల పక్షం వహించేవాళ్లకు పరిహారం అనే మాటలో కుక్కలను చంపే కుట్ర వినబడుతోంది. 2025 ఆగస్టులో వీధికుక్కలను షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు ఒకసారి చెప్పి, పదకొండు రోజులకే దాన్ని సవరించినప్పుడు దేశమంతా రెండుగా చీలి కుక్కలెక్కడ ఉండాలని కొట్లాడింది. కరిపించుకున్నవాడి ఆసుపత్రి బిల్లు ఆ గొడవలో రెండు పక్షాలకూ గుర్తురాలేదు. నిజానికి జంతుప్రేమికులకు ఇంతకన్నా మంచి ఆయుధం లేదు. డబ్బు కట్టాల్సిన కార్పొరేషన్ టీకాలూ ఆపరేషన్లూ మానదు. కట్టనక్కర్లేని చోట జనమే విషపు ముద్దలు పెడుతున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఇందుకు కొత్త శాసనం కోసం చూడక్కర్లేదు. కలెక్టర్ల అధ్యక్షతన కమిటీ వేసి, గాయాన్నిబట్టి రేటు చెప్పే ఒక జీవో చాలు. అది వచ్చేదాకా కరిపించుకున్నవాళ్లు గాయాన్ని సబ్బూ పారే నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాక, ఓపీ చీటీ మీద "కుక్కకాటు" అనీ గాయం కొలతా రాయించుకోవాలి. ఫొటో తీసుకోవాలి, టీకా కార్డు పారేయకూడదు. పెంపుడు కుక్కయితే స్టేషన్‌లోనూ, వీధికుక్కయితే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఆఫీసులోనూ అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయనంటే అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.