అటక మీది గిన్నెలు

పిల్లలూ! తపాలా బిళ్ళలు కూడబెట్టేవాళ్ళూ, పాత నాణేలు కూడబెట్టేవాళ్ళూ మీలో కొందరైనా ఉంటారు. ఈ నెల మనం గిన్నెలు కూడబెట్టే సరదాను గురించి చెప్పుకుందాం. "గిన్నెలేమిటి, అవి వంటింట్లో ఉన్నవే గదా!" అని నవ్వకండి. ప్రపంచంలో పాత గిన్నెల కోసం ఊళ్ళకు ఊళ్ళు గాలించేవాళ్ళున్నారు.

ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన నార్వే, స్వీడన్, డెన్మార్కు దేశాలున్నాయి. రోజూ వాడుకునే వస్తువే అందంగా ఉండాలనీ, అది మామూలు సంసారులకు కూడా అందుబాటులో ఉండాలనీ 1919లోనే స్వీడన్‌లో గ్రెగోర్ పౌల్సన్ అనే పండితుడు వాదించాడు. ఆ ఆలోచన పక్క దేశాల్లో కూడా బాగా నాటుకున్నది. 1953లో డెన్మార్కులో హెర్బర్ట్ క్రెంకెల్ అనే ఇంజనీరు పల్చని ఉక్కు రేకుతో ఒక గిన్నె తయారుచేశాడు. దానికి బయట నల్లని పూత, లోపల ఎరుపో, పసుపో, నీలమో నిగనిగలాడే పూత. దాని పేరు క్రెనిట్. మరుసటి ఏడు ఇటలీలో మిలాన్ నగరపు ప్రదర్శనలో దానికి బంగారు పతకం వచ్చింది. నార్వేలో కాథ్రినెహోమ్ అనే కార్ఖానాకు గ్రేటె ప్రిట్జ్ కిట్టెల్సెన్ అనే ఆవిడ గిన్నెల ఆకారాలు తీర్చి ఇచ్చింది. ఆ గిన్నెల చుట్టూ ఆర్నె క్లౌసెన్ గీసిన ఆకుల వరుస ఉంటుంది. అందులో పువ్వు ఒక్కటీ లేకపోయినా దానికి "లోటస్", అంటే తామర, అనే పేరు స్థిరపడింది!

ఇవన్నీ ఆ రోజుల్లో వంటింటి సామానే. కాథ్రినెహోమ్ కార్ఖానా మూతపడి చాలా కాలమయింది. అంచేత మిగిలిన గిన్నెలకు గిరాకీ పెరిగింది. సేకరించేవాళ్ళు గిన్నెను చేతిలోకి తీసుకోగానే బోర్లించి చూస్తారు. అడుగున కార్ఖానా గుర్తు ఉన్నదా? అంచున పూత రాలిందా? రంగు తరచు దొరికేదా, అరుదైనదా? ఇదీ వాళ్ళ పరీక్ష.

ఆ రంగు పూత ఏమిటో తెలుసా? అది గాజు! దాన్ని ఎనామిల్ అంటారు. మెత్తగా నూరిన గాజు పొడిని ఉక్కు మీద పట్టించి, సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల కొలిమిలో పెడితే, గాజు కరిగి ఉక్కును పట్టుకుంటుంది. చల్లారేటప్పుడు ఉక్కూ గాజూ రెండూ కుంచించుకుంటాయి. ఒకటి ఎక్కువా, ఒకటి తక్కువా కుంచించుకుంటే పూత పగిలిపోతుంది. రెండింటికీ సరిపడే గాజును ఎంచుకోవటంలోనే పనివాడి నేర్పు ఉన్నది.

మన ఊళ్ళలో కూడా లోహానికి చొక్కా తొడిగే విద్య ఒకటి ఉన్నది. అదే కళాయి. రాగి గిన్నెలోనో, ఇత్తడి గిన్నెలోనో చింతపండు పులుసు కాస్తే ఆ పులుపు లోహాన్ని కొంచెం కొంచెంగా కరిగించి కూరలో కలుపుతుంది. అది ఒంటికి మంచిది కాదు. అందుకని కళాయివాడు గిన్నెను బొగ్గుల మీద బాగా కాచి, లోపల నవసారం చల్లి, తగరం ముక్క తాకిస్తాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కరిగిన తగరాన్ని దూదితో చకచకా నాలుగు వైపులా పులిమితే గిన్నె లోపల వెండిలా మెరుస్తుంది. నార్వేవాళ్ళు ఉక్కుకు గాజు చొక్కా తొడిగితే, మనవాళ్ళు ఇత్తడికి తగరపు చొక్కా తొడిగారు.

ఇక మన ఇళ్ళకు వద్దాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో అందమైన గిన్నె అనగానే పెద్దలు కరీంనగరం వెండి తీగ పనిని తలుచుకుంటారు. వెంట్రుకల వంటి వెండి తీగలను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, అతికి గిన్నెలూ, పళ్ళాలూ, పన్నీరు బుడ్లూ చేసే ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అటువంటి వస్తువును ఎవరైనా బీరువాలో భద్రంగా దాచుకుంటారు. మరి అటక మీద దుమ్ము పట్టిన ఇత్తడి గంజు సంగతేమిటి? కంచు తలె, రాగి చెంబు, నాలుగు బిందెల నీళ్ళు పట్టే గంగాళం, వీటి సంగతేమిటి?

ఒకసారి పెద్దవాళ్ళ చేత వాటిని కిందికి దింపించండి. తడిగుడ్డతో తుడిచి, అంచు కిందా, మెడ చుట్టూ వెతకండి. చాలా పాత్రల మీద చిన్న చిన్న చుక్కలతో చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. అది పాత్ర ఎవరిదో తెలిపే పేరు. ఒక్కొక్కసారి ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ కూడా ఉంటాయి. పెళ్ళికి పుట్టింటివారు పాత్రలు పెట్టి, వాటి మీద పేర్లు కొట్టించటం మన వాడుక. మీ తాతమ్మ పేరు ఏ పుస్తకంలోనూ అచ్చు పడి ఉండదు. కాని ఆమె సర్వ మీద ఉండవచ్చు!

తేదీ చదవటం కూడా ఒక తమాషా లెక్క. 1948కి ముందు ఈ ఊళ్ళన్నీ నిజాం గారి హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. అప్పటి సర్కారు కాగితాల్లో ఫసలీ సంవత్సరం రాసేవారు. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఉదాహరణకు 1340 ఫసలీ 1930లో మొదలయింది. అంచేత మీ పాత్ర మీద 1340 అని ఉంటే, "ఏడువందల ఏళ్ళ నాటిది!" అని గంతులు వేయకండి. తెలుగు సంవత్సరం పేరు ఉంటే మరో చిక్కు. "పరాభవ" అని ఉన్నదనుకోండి. ఆ పేరు 60 ఏళ్ళకొకసారి తిరిగి వస్తుంది గనక అది 1966 కావచ్చు, 1906 కావచ్చు. పాత్ర ఎవరి పెళ్ళినాటిదో బాపమ్మనో అమ్మమ్మనో అడిగితే చిక్కు విడిపోతుంది.

ఇక్కడే ఒక విచారకరమైన సంగతి చెప్పాలి. స్టీలు సామాను వచ్చాక ఇత్తడి, కంచు పాత్రల వాడకం తగ్గింది. పాత సామాన్లవాడు తక్కెడలో వేసి, కిలోకు ఇంత అని లెక్కకట్టి తీసుకుపోతాడు. తరవాత అవి కొలిమికి చేరతాయి. తక్కెడకు బరువే తెలుసుగాని పేరు తెలియదు. ఇత్తడి కరిగి మళ్ళీ ఇత్తడే అవుతుంది. దాని మీది పేరు మటుకు మళ్ళీ రాదు.

గుజరాతులో సురేంద్ర పటేల్ అనే ఆయనకు సరిగ్గా ఈ బాధే కలిగింది. చేతి నేర్పుతో చేసిన పాత పాత్రలు కరిగిపోతుంటే చూడలేక వాటిని సేకరించసాగాడు. 1981లో అహమ్మదాబాదులో, తన విశాలా భోజనశాల ఆవరణలోనే, పాత్రలకని ఒక ప్రదర్శనశాల పెట్టాడు. దాని పేరు "వేచార్". అక్కడ బిందెలూ, చెంబులూ, డబ్బాలూ, అడకత్తెరలూ వేలకొద్దీ ఉన్నాయి. అన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరి ఇంట్లో నీళ్ళు మోసినవీ, పప్పు దాచినవే.

మనకు అంత స్థలమూ లేదు, అంత డబ్బూ లేదు. అవసరం కూడా లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఒక అయస్కాంతం ఉంటే చాలు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క పేజీ ఇవ్వండి. ఆ పేజీలో ఇవి ఉండాలి:

మొదట పాత్ర పేరు. మీ ఇంట్లో ఏమంటారో అదే రాయండి. సర్వను సర్వ అనే రాయాలి.

రెండోది లోహం. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే లోపల ఇనుమో ఉక్కో ఉన్నట్టు. ఎనామిల్ గిన్నెను ఇలాగే పట్టవచ్చు. రాగి, ఇత్తడి, కంచు, సత్తు అతుక్కోవు. కంచును వేలి కణుపుతో మెల్లగా తడితే చాలాసేపు మోగుతుంది. కాని జాగ్రత్త! ఇత్తడి కిందపడితే సొట్టపోతుంది, కంచు పగులుతుంది.

మూడోది అక్షరాలు. వాటి మీద పల్చని కాగితం కదలకుండా పట్టుకుని, పెన్సిలును పడుకోబెట్టి రుద్దండి. చుక్కలు ఉన్నచోట తెల్లగా మిగిలి, పేరు దానంతటదే కాగితం మీదికి వస్తుంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: పాత్ర కథ. ఎవరిచ్చారు? ఏ ఊరినుంచి వచ్చింది? ఏ పండుగకు దింపేవారు? ఎప్పుడైనా కుదువపెట్టి మళ్ళీ విడిపించారా? కష్టకాలంలో ఇత్తడి సామానే చాలా ఇళ్ళకు బ్యాంకుగా పనిచేసింది.

పాత పాత్రలను ఇసుకతో తెగ తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. కళాయి పోయిన గిన్నెలో పులుసు తినకండి.

ఇంట్లో అవసరం వచ్చి పెద్దవాళ్ళు ఏ పాత్రనైనా అమ్మదలిస్తే అలగకండి. పిల్లల ఫీజులకూ, మందులకూ డబ్బు కావలసినప్పుడు అమ్మటం తప్పు కాదు. "ఒక్క పది నిమిషాలు ఆగండి" అని అడిగి, మీ పేజీ పూర్తిచేసుకోండి. గిన్నె వెళ్ళిపోయినా పేరు ఇంట్లోనే ఉంటుంది.

అన్నట్టు, మీ జాబితా ఇత్తడితోనే ఆపవద్దు. జగిత్యాల, కోరుట్ల వైపు చాలా ఇళ్ళలో దుబాయికో మస్కటుకో పనికి వెళ్ళినవారున్నారు. వాళ్ళు తెచ్చిన గాజు గిన్నెలు షోకేసులో ఉంటాయి. సిరిసిల్లనుంచి భివండీ మగ్గాల మీద పనికి పోయినవారు తెచ్చుకున్న స్టీలు టిఫిను ఉండవచ్చు. ఇవాళ అవి మామూలు వస్తువులు. 1953లో క్రెనిట్ గిన్నె కూడా కొత్త వస్తువే గదా! వాటికి కూడా ఒక్కొక్క పేజీ ఇవ్వండి. తెచ్చినవారు ఇంకా మీ ఎదుటనే ఉన్నారు గనక, కథ వాళ్ళ నోటనే వినవచ్చు.

ఈ సెలవుల్లో కనీసం అయిదు పాత్రలకు పేజీలు రాయండి. వాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఏదో, అది ఎవరి పేరో మాకు ఉత్తరం రాయండి. వచ్చే నెల తాళంకప్పలను గురించి చెప్పుకుందాం.