టన్నుల లెక్క సరే, మనుషుల లెక్కేది?

సింగరేణి ఏడాదికి ఎన్ని టన్నులు తవ్విందో అందరికీ తెలుసు. ఏప్రిల్ నెల వచ్చిందంటే ఆ అంకె పత్రికలకెక్కుతుంది. 2013-14లో ఐదు కోట్ల టన్నులు. 2023-24లో ఏడు కోట్లు. లాభమెంతో, అందులో కార్మికుని వాటా ఎంతో కూడా ప్రకటిస్తారు. కానీ ఏదో ఒక బాయి ముందు నిలబడి, ఈ ఏడు ఇక్కడ పైకప్పు ఎన్నిసార్లు కదిలింది, తనిఖీలో రాసిన లోపాల్లో ఎన్ని సరిచేశారు, ఊరి పక్క మట్టిగుట్టను ఎప్పటికి చదును చేస్తారు అని అడిగితే జవాబు అంత తేలిగ్గా దొరకదు. టన్నుల లెక్క బజారులో ఉంటుంది. మనుషుల లెక్క ఫైళ్లలో ఉంటుంది. మా అభ్యంతరం అక్కడే.

సింగరేణి ఎవరో సేటు పెట్టుకున్న దుకాణం కాదు. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన నాడు అది దక్కన్ కంపెనీ సొత్తు. 1920లో సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం సర్కారు చేతికొచ్చింది. నేడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అంటే సగానికి మించిన భాగం తెలంగాణ ప్రజలది. 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు ఆపి, జీతాలు వదులుకుని నిలబడ్డది ఈ కార్మికులే. అందుకే ఈ కంపెనీని నిలదీసి అడిగే హక్కు మనకుంది. అడగకపోతే తప్పు మనదే.

చేసిన పనిని కాదనం. మట్టిగుట్టల మీద మొక్కలు పెంచుతున్నారు. 300 మెగావాట్ల సౌర విద్యుత్తు కార్యక్రమం పెట్టుకున్నారు. ఓపెన్‌కాస్టులో తీసిన మట్టి నుంచే ఇసుక తయారుచేసి భూగర్భ గనుల్లో నింపే పద్ధతి తెచ్చారు. దానివల్ల ఆ మేరకు గోదావరి ఇసుక మిగులుతుంది. ప్రమాదం జరిగితే ప్రాణాలకు తెగించి లోపలికి దిగే రెస్క్యూ దళాలున్నాయి. వీటన్నిటికీ దండం పెడతాం. అయితే మొక్కల సంఖ్య, మెగావాట్ల సంఖ్య చూపించినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. బాధ్యతను కొలవాల్సింది ముప్పును మోస్తున్న మనిషి దగ్గర.

ఆ ముప్పు ఎంతదో గుర్తుచేసుకుందాం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తాయి. 17 మంది తిరిగి రాలేదు. నాలుగు నెలలకే అదే ఏడు అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి మరో పది మంది పోయారు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్ ఎస్‌ఆర్‌పీ-3లో పైకప్పు కూలి నలుగురు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు. ఆ ముగ్గురిలో భద్రత చూసే అధికారి ఉన్నారు, కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. కూలే పైకప్పు హోదా చూడదు.

నిబంధనలు లేకనా ఇవి జరిగింది? నీళ్లు నిండిన పాత పనుల 60 మీటర్ల దగ్గరికి పోవాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలే చెప్పాయి. వంద మందికి మించి పనిచేసే గనికి పిట్ సేఫ్టీ కమిటీ, ఐదు వందల మంది, అంతకు మించి పనిచేసే గనికి కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉండాలని గనుల నియమాలు చెప్పాయి. కాగితం మీద భద్రతకు లోటు లేదు. ఉత్పత్తి టార్గెట్‌కూ భద్రతకూ పోటీ వచ్చిన పూట ఎవరి మాట చెల్లుతుందన్నదే ప్రశ్న. 'ఈ జాగా బాగలేదు, పని ఆపాలె' అన్న సర్దార్ మాట చెల్లాలి. ఆ మాటన్నందుకు అతని మీద చార్జిషీటు రాకూడదు. భద్రత అంటే అది. భద్రతా వారోత్సవాల్లో కట్టే బ్యానర్లు తరువాతి మాట.

ఇక రెండో సంగతి. ముప్పు చేతులు మారుతోంది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మనెంట్ కార్మికులు నేడు నలభై వేలకు అటూ ఇటూ మిగిలారు. బొగ్గు మాత్రం పెరిగింది. పది టన్నుల్లో తొమ్మిది ఓపెన్‌కాస్టులవే. అక్కడ మట్టి తీసేది ఎక్కువగా కాంట్రాక్టు కంపెనీలే. 2020 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినం నాడే, రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడు జరిగి నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. ఒకపక్క జెండాలు ఎగురుతున్నాయి, ఇంకోపక్క నాలుగు ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి.

గని పనికి అనుభవమే కళ్లు. పైకప్పును కొట్టి చప్పుడు వింటే, గట్టిదా విడిందా అని పాత కార్మికునికి తెలుస్తుంది. ఆ తెలివి ఏళ్ల తరబడి పక్కనున్నవాడి దగ్గర నేర్చుకుంటేనే వస్తుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మనుషులు మారిపోయే చోట ఆ తెలివి నిలిచేదెట్లా? గని వృత్తి శిక్షణ నియమాలు 1966 నుంచి ఉన్నాయి. పర్మనెంట్ ప్రాణానికి ఒక శిక్షణ, కాంట్రాక్టు ప్రాణానికి ఇంకో శిక్షణ అని వాటిలో ఎక్కడా లేదు.

మూడోది ఊళ్ల సంగతి. ఓపెన్‌కాస్టులు మన నేలను బొందలగడ్డలు చేస్తాయని ఉద్యమ వేదికల మీద ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. రాష్ట్రం వచ్చాక వాటి వాటా పెరిగిందే కానీ తగ్గలేదు. బ్లాస్టింగ్‌కు గోడలు పగిలే ఇల్లు, దుమ్ము పట్టిన పత్తిచేను, అడుగంటిన బావి ఎవరివి? కంపెనీ పంచే లాభంలో వాళ్లకు వాటా లేదు, నష్టంలో మాత్రం ఉంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి, ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సారాంశం తెలుగులో దొరికినా వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులోనే ఉంటుంది. ఊరు పోయే రైతుకు నాలుగు పేజీలు చాలా?

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2009 నుంచి బొగ్గు గనుల మూసివేతకు ఎస్క్రో ఖాతాలో సొమ్ము జమచేయాలన్న మార్గదర్శకాలున్నాయి. నాటి లెక్కలో ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష. తవ్విన గుంతను పూడ్చి, గుట్టను సర్ది, నేలను మళ్లీ పనికొచ్చేటట్టు చేయడానికే ఆ సొమ్ము. 2015 చట్టంతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అందులో పడాలి. తాగునీరు, కాలుష్య నివారణ, వైద్యం, చదువు మొదట చూడాలన్నది దాని నియమం. ఆ నిధి దుమ్ము తినే ఊరి గడప దాకా రావాలి.

అందుకే మేం కోరేది కొండంత ఏమీ కాదు. ప్రతి గని గేటు దగ్గర, ప్రతి ప్రభావిత గ్రామ పంచాయతీలో నెలనెలా తెలుగులో ఒక లెక్క కట్టాలి. సేఫ్టీ కమిటీ ఏం రాసింది, ఏది సరిచేశారు, ఏది మిగిలింది. గాయపడ్డవారెందరు, అందులో కాంట్రాక్టు వారెందరు. గాలిలో దుమ్మెంత, బ్లాస్టింగ్ అదురు ఎంత. మూసివేత ఖాతాలో జమెంత, ఖర్చెంత. ఇవన్నీ కొలిచి రాసే అంకెలే. కొత్తగా పుట్టించాల్సిన పని లేదు, దాచకుండా ఉంటే చాలు.

2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 1952 నాటి గనుల చట్టం స్థానంలో వృత్తి భద్రతా కోడ్ వచ్చింది. కొట్లాడి తెచ్చుకున్న రక్షణలు ఈ మార్పులో ఒక్కటి కూడా జారిపోకుండా చూసుకోవాల్సిన సమయమిది. సంఘాలు గుర్తింపు ఎన్నికల నాడే కాక ప్రతి షిఫ్టులో ఈ మాట అడగాలి. మైనింగ్ చదివే విద్యార్థులు ఆ నివేదికలు చదివి ఊరికి విడమరిచి చెప్పాలి. ఉద్యోగులు ఫైలులో ఉన్న నిజాన్ని బల్ల కింద పెట్టకుండా పైకి పంపాలి.

బొగ్గు ఎప్పటికైనా అయిపోతుంది. బాయి మూతపడే రోజు ఒకటి వస్తుంది. ఆనాడు మిగిలేది ఎన్ని టన్నులు తీశామన్న రికార్డు కాదు. ఎంతమందిని క్షేమంగా ఇంటికి పంపాం, ఎంత నేలను తిరిగి అప్పజెప్పాం అన్నదే. ఆ లెక్క ఇప్పటినుంచే రాయండి. 51 శాతం వాటాదారులుగా అడుగుతున్నాం.