‘ది ఫర్మ్’ ముగింపు చప్పనిది కాదు

జాన్ గ్రిషమ్ నవల ‘ది ఫర్మ్’ 1991లో వచ్చింది. సిడ్నీ పొలాక్ దాన్ని 1993లో టామ్ క్రూజ్‌తో సినిమాగా తీశాడు. అప్పటి నుంచి ఈ సినిమా మీద ఒకే తీర్పు చేతులు మారుతూ వస్తోంది: కథ బిగువుగా నడిచింది, ముగింపు మాత్రం తేలిపోయింది. షికాగో మాఫియా, ఎఫ్‌బీఐ, అనుమానాస్పద మరణాలు, కేమన్ దీవుల్లో నల్లడబ్బు, ఇంత పెద్ద కుట్రను హీరో చివరికి దేనితో కూల్చాడు? ఫీజు బిల్లులతో! నవలలో అతను కోటి డాలర్లు దారి మళ్లించి, సంస్థ పత్రాలు ఎఫ్‌బీఐకి అప్పగించి, భార్యతో, అన్నతో కరీబియన్ సముద్రంలోకి మాయమైపోతాడు. సినిమాలో పోస్టులో వెళ్లిన బిల్లుల లెక్క తీస్తాడు. నవల చదివినవాళ్లకు ఇది గ్రిషమ్‌కు చేసిన ద్రోహంలా కనిపించింది. చదవనివాళ్లకు నీరసంగా అనిపించింది.

నేను ఈ తీర్పును ఒప్పుకోను. పొలాక్, అతని రచయితలు డేవిడ్ రేబ్, రాబర్ట్ టౌన్, డేవిడ్ రేఫీల్ కలిసి నవల కంటే గట్టి ముగింపు రాశారు. దాన్ని చప్పనిదంటున్నవాళ్లు న్యాయవాదుల కుట్ర కథను పరుగుపందెంగా చూస్తున్నారు.

ముందు ముడి ఎలా పడిందో చూడాలి. మిచ్ మెక్‌డీర్ హార్వర్డ్‌లో చదివిన పేదింటి కుర్రాడు. మెంఫిస్‌లోని బెండీనీ, లాంబర్ట్ అండ్ లాక్ అనే సంస్థ అతనికి ఇల్లిస్తుంది, మెర్సిడెస్ ఇస్తుంది, చదువు అప్పులు తీరుస్తుంది. ఆ సంస్థ మోరోల్టో అనే షికాగో మాఫియా కుటుంబం నల్లడబ్బును తెల్లగా మార్చే యంత్రమని తరవాత తెలుస్తుంది. బయటికి పోదామనుకున్న లాయర్లు చనిపోయారు. ఎఫ్‌బీఐ వచ్చి పత్రాలు ఇమ్మంటుంది, ఇవ్వకపోతే మిగతావాళ్లతో పాటు జైలుకే అంటుంది. ఇస్తే కక్షిదారుల రహస్యం బయటపెట్టినట్టే. లాయరు పట్టా పోతుంది, మాఫియా వెంటపడుతుంది. ఇవ్వకపోతే జైలు. సంస్థకు అనుమానం వస్తే చావు. కేమన్ సముద్రపు ఒడ్డున అతను చేసిన తప్పు ఫొటోలు కూడా సంస్థ దగ్గరే ఉన్నాయి.

మూడు వైపుల నుంచి మూడు చేతులు గొంతు పట్టుకున్న ముడి ఇది. దీన్ని విప్పడానికి నవల ఎంచుకున్న దారి పారిపోవడం. ప్రాణం దక్కుతుంది, డబ్బు దక్కుతుంది. కానీ మొదటి పేజీ నుంచి ఆ కుర్రాడు దేనికోసం పాకులాడాడో ఆ వృత్తి పోతుంది. కథ వేసిన అసలు ప్రశ్న, ‘వీడు లాయరుగా మిగలగలడా’ అన్నది, జవాబు లేకుండా అక్కడే ఉండిపోతుంది. పైగా డబ్బు మళ్లించడం, దొంగచాటుగా సరిహద్దు దాటడం ఏ బ్యాంకు గుమస్తా కథలోనైనా పెట్టొచ్చు. దానికి న్యాయశాస్త్రం చదవక్కర్లేదు.

సినిమా ఏం చేసిందో చూడండి. కథ నడుస్తుండగా ఒక మామూలు కక్షిదారు తనకు బిల్లు ఎక్కువ వేశారని మిచ్ దగ్గర ప్రస్తావిస్తాడు. మాఫియాతో ఏ సంబంధమూ లేని మనిషి అతను. చూసేవాళ్లు ఆ మాటను వదిలేస్తారు, మిచ్ వదలడు. చేయని పనికి గంటలు రాసి, ఆ బిల్లును పోస్టులో పంపితే అమెరికాలో అది తపాలా మోసం. అక్కడ 1872 నుంచీ ఉన్న నేరం అది. ఆ రోజుల్లో ఒక్కో నేరానికి ఐదేళ్ల వరకు జైలు. ఒక్కో ఉత్తరం ఒక్కో నేరం. సంస్థ ఏళ్ల తరబడి పంపిన బిల్లులు వందలు, వేలు ఉన్నప్పుడు ఆ లెక్క ఎక్కడికి పోతుందో ఆలోచించండి. 1970లో వచ్చిన ముఠా నేరాల చట్టం రీకో కిందికి కూడా తపాలా మోసం వస్తుంది. అంటే సంస్థను కూల్చడానికి మాఫియా రహస్యం ఒక్కటి కూడా బయటపెట్టనక్కర్లేదు. ఎఫ్‌బీఐ అడిగిన పత్రాల జోలికి వెళ్లకుండానే లాంబర్ట్‌నూ మిగతా భాగస్వాములనూ జైలుకు పంపొచ్చు.

ఇది చివర్లో ఊడిపడిన ఉపాయమని కొందరంటారు. సినిమాను మళ్లీ చూడండి. ఏవరీ టోలర్ అనే సీనియర్ లాయరుగా జీన్ హాక్‌మన్ ఆ కుర్రాడికి నేర్పే వృత్తిలో గంటల లెక్క ఎంత పెద్దదో గమనించండి. అమెరికా సంస్థల్లో లాయరు కాలాన్ని చాలాచోట్ల ఆరేసి నిమిషాల ముక్కలుగా కొలుస్తారు. కొత్తగా చేరిన కుర్రాడి విలువ అతను రాసిన గంటల్లోనే ఉంటుంది. ఇక్కడ మన తెలుగు ప్రేక్షకుడికి ఒక ఇబ్బంది ఉంది, దాన్ని గుర్తించాలి. మన జిల్లా కోర్టుల్లో వకీలు కేసుకింత అని మాట్లాడుకుంటాడు, లేదా వాయిదాకింత తీసుకుంటాడు. గంటల బిల్లు మనం ఎరగం. అందుకే గంటల ప్రస్తావన వచ్చిన చోటల్లా మన కన్ను జారిపోతుంది, చివర్లో బిల్లులు కనబడగానే ఇదెక్కడి నుంచి వచ్చిందని అడుగుతాం. విత్తనం మొదట్లోనే నాటారు. మనకు ఆ పంట అలవాటు లేదు.

నా దృష్టిలో సినిమాకు శిఖరం మోరోల్టోలతో మిచ్ మాట్లాడే దృశ్యం. దాని ముందొచ్చే మడ్ ఐలాండ్ మోనోరైలు వెంటపడటం కాస్త సాగిందని నేనూ అంటాను, ఆ నిడివి తగ్గించాల్సింది. కానీ ఆ పరుగు ముగిశాక అతను వెళ్లి నిలబడింది ఎవరి ముందు? తనను చంపాలని చూస్తున్నవాళ్ల ముందు. వాళ్లను ఏమడిగాడు? మీ బిల్లులు బయటపెట్టడానికి అనుమతి ఇవ్వండని. నేను మీ లాయర్ని, మీ గురించి నాకు తెలిసింది నా నోరు దాటదని మాట ఇస్తాడు.

ఈ అడుగు ఎంత కచ్చితమైనదో గమనించిన విమర్శకులు తక్కువ. లాయరు దగ్గరున్న రహస్యం లాయరుది కాదు, కక్షిదారుది. విప్పే హక్కు కక్షిదారుకే ఉంది. మన 1872 సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్ చెప్పిందీ ఇదే: కక్షిదారు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప న్యాయవాది అతని మాటలు వెల్లడించకూడదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య అధినియమంలో అది 132వ సెక్షన్. మిచ్ అడిగింది ఆ ఒప్పుకోలే. దాంతో మూడు చేతులూ ఒకేసారి సడలుతాయి. మోసపోయిన కక్షిదారులుగా మోరోల్టోలకు మిచ్ బతికి ఉండటమే లాభం, ఎఫ్‌బీఐకి జైలుకు పంపాల్సినవాళ్లు దొరుకుతారు, మిచ్‌కు పట్టా నిలుస్తుంది. న్యాయ రహస్యం జరగబోయే నేరానికి రక్ష కాదు కదా అని ఒక న్యాయవాది అడగవచ్చు. నిజమే, ఆ మినహాయింపు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. అందుకే మోరోల్టోలను భవిష్యత్తులో చేసేదాని నుంచి కాపాడతానని అతను అనలేదు. లాయరుగా తనకు తెలిసింది తన నోట రాదన్నాడు, అంతే.

అలాంటి ముగింపు మనకు ఎందుకు రుచించదు? కుట్ర కథ అంటే చివరి నిమిషంలో ముసుగు ఊడాలని, ఎవరూ అనుకోని మనిషి విలన్‌గా తేలాలని మనకు అలవాటు చేశారు. ‘ది ఫర్మ్’ వచ్చిన 1993లోనే విడుదలైన ‘ది పెలికన్ బ్రీఫ్’ కూడా గ్రిషమ్ కథే. అందులో ఇద్దరు సుప్రీంకోర్టు జడ్జీల హత్య వెనకున్న కారణాన్ని ఒక విద్యార్థిని మొదట్లోనే ఊహించి రాసేస్తుంది. ఆ తరవాత కథలో చట్టానికి పని లేదు. ఆమె పరుగెత్తాలి, విలేకరి అచ్చు వెయ్యాలి. నాకు ఆ సినిమా నచ్చుతుంది, కానీ దాన్ని న్యాయ కథ అనడానికి మనసొప్పదు. మన తెలుగులో 2021లో వచ్చిన ‘నాంది’ని చూడండి. తప్పుడు కేసులో ఏళ్లకేళ్లు జైల్లో మగ్గిన అల్లరి నరేశ్ పాత్ర తిరిగి కొట్టేది అప్పటి భారత శిక్షాస్మృతి 211వ సెక్షన్‌తో, తప్పుడు నేరారోపణ చేసినవాణ్ని శిక్షించే సెక్షన్‌తో. దాన్ని చప్పనిదని మన ప్రేక్షకుడు అనలేదు, చప్పట్లు కొట్టాడు. అదే ప్రేక్షకుడు తపాలా మోసాన్ని ఎందుకు చిన్నచూపు చూడాలి?

ఇంకో ఫిర్యాదు కాస్త బరువైనది. మోరోల్టోలు తప్పించుకున్నారు, గుమస్తాల్లాంటి లాయర్లు దొరికారు, ఇదేం న్యాయమని. ఎఫ్‌బీఐ ఏజెంటు టారెన్స్ కూడా సినిమాలో మిచ్ మీద అరుస్తూ అడిగేది ఇదే, ఎడ్ హారిస్ ఆ కోపాన్ని నిజంగా పలికించాడు. నాకు కోపం వేరే చోట ఉంది. నేరస్థుల డబ్బుకు ముఖం కడిగి, ఉతికిన చొక్కా తొడిగి బ్యాంకులోకి పంపేది లాయరే. తుపాకీ పట్టినవాణ్ని పట్టుకుంటే ఇంకొకడు వస్తాడు. అతని లెక్కలు రాసే సంస్థ మూతపడితే డబ్బు నిలబడటానికి చోటుండదు. అదే షికాగోలో అల్ కపోన్‌ను 1931లో దోషిగా నిలబెట్టింది హత్యలు కాదు, ఎగ్గొట్టిన ఆదాయపు పన్ను. ఆ కేసును ఎవరూ పేలవమైన ముగింపు అనలేదు.

ఇక చివరి ఆక్షేపణ: బిల్లు కాస్త పెంచినందుకు పెద్ద లాయర్లను జైలుకు పంపడం నమ్మేలా లేదు, సినిమాలోనే కుదురుతుందని. మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది దాటితే అవతలి ఒడ్డు ఆర్కన్సా రాష్ట్రం. ఆ రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్‌లో రోజ్ లా ఫర్మ్ అనే పేరున్న న్యాయసంస్థ ఉంది. దాని మాజీ భాగస్వామి వెబ్‌స్టర్ హబెల్ క్లింటన్ ప్రభుత్వ న్యాయశాఖలో మూడో స్థానంలో పనిచేశాడు. కక్షిదారులకు ఎక్కువ బిల్లులు వేసిన వ్యవహారం బయటపడటంతో 1994 మార్చిలో రాజీనామా చేశాడు. సినిమా విడుదలై ఏడాదిన్నర కాకముందే, ఆ డిసెంబరులో, కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అతని మీద మోపిన నేరాలు రెండు: పన్ను ఎగవేత, తపాలా మోసం. 1995 జూన్‌లో 21 నెలల జైలు శిక్ష పడింది.