బస్సు కిరాయి నా చేతిలో లేనప్పుడు

మొన్న ఒక సాయంత్రం ఆరు దాటినా మా పెద్దమ్మాయి కరీంనగర్ నుంచి రాలేదు. ఫోన్ చేస్తే, "అమ్మా, లైబ్రరీలో కూసున్న. ఏడింటి బస్సుకు వస్త" అంది. నాకు ఒళ్లు మండింది. "నన్ను అడగకుండా ఎట్లా ఆగినవ్?" అని అరిచాను. అటు నుంచి నెమ్మదిగా ఒకే మాట వచ్చింది. "అడుగుతలేనమ్మా, చెప్తున్న."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అడగడానికీ చెప్పడానికీ మధ్య ఇంత దూరం ఉందని అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

మాది గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టర్. మా బొగ్గుబాయి ఇళ్లలో గోడ మీది గడియారం కంటే షిఫ్టు మాటే చెల్లుతుంది. ఆయనకు మొదటి షిఫ్టయితే నేను తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి సద్ది కట్టాలి. నైట్ షిఫ్టయితే ఆయన ఇంటికి వచ్చేలోపే మిక్సీ పని ముగించాలి. ఆయన పడుకున్నంతసేపు టీవీ ఉండదు, చుట్టాలు రారు, పిల్లలు గుసగుసలుగానే చదువుకుంటారు. ఇట్లా పెరిగిన మా పిల్లలకు సర్దుకుపోవడం బాగా వచ్చు. దానికి నేను గర్వపడేదాన్ని కూడా. అయితే సర్దుకుపోవడం నేర్పినంత శ్రద్ధగా, తమ సంగతి తాము తేల్చుకోవడం నేర్పామా అంటే లేదనే చెప్పాలి.

డిగ్రీలో చేరేటప్పుడే ఆ సంగతి బయటపడింది. దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అన్నదే అసలు లెక్క. పైదాంట్లో సీటొస్తే కిందివి రాసినా రాయనట్టే. పిల్ల కరీంనగర్ కాలేజీ మొదట పెట్టమంది. నేను, ఆయన, మా మరిది కలిసి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని దగ్గరి కాలేజీని మొదట పెట్టించాం. అది పక్కనే నిలబడి చూసింది, ఏమీ అనలేదు. దగ్గరిదాంట్లో రాక, సీటు దాని రెండో ఆప్షన్ అయిన కరీంనగర్‌లోనే వచ్చింది. మా పెద్దరికం వృథా పోయింది కాబట్టి దాని కోరిక నెరవేరింది. అలా నెరవేరడం నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

రోజూ పోనూ రానూ, ఒక్కో వైపు 60 కిలోమీటర్ల పైచిలుకు. బసంత్‌నగర్, పెద్దపల్లి, సుల్తానాబాద్ దాటి పోవాలి. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం రాకపోయి ఉంటే ఈ చదువు ఇట్లా సాగేది కాదు. హాస్టల్‌కన్నా పంపాలి, లేదా మాన్పించాలి. జీరో టికెట్ గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకుంది. బస్సులు కిక్కిరిసిపోతున్నాయన్న మాటా నిజమే. నాకు మాత్రం అది చూపించిన సంగతి వేరు. అంతకుముందు పిల్ల ఎటు పోవాలన్నా నా దగ్గరికే రావాలి. పోపుల డబ్బా వెనక పెట్టిన పైసల్లోంచి తీసిచ్చేటప్పుడే ఎటు, ఎందుకు, ఎవరితో అన్నీ అడిగేదాన్ని. కిరాయి ఇచ్చే చెయ్యే అనుమతి ఇచ్చే చెయ్యి అయింది. ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ వస్తున్నదంటే, ఆ అధికారం నా చేతిలోంచి చప్పుడు లేకుండా జారిపోయింది. నాకు కోపం వచ్చింది పిల్ల ఆలస్యమైనందుకు కాదేమో, అడగాల్సిన అవసరం దానికి లేకపోయినందుకేమో.

అప్పటి నుంచి దాని రోజును కొంచెం గమనించాను. నిలబడి పోవాల్సిన ముందు బస్సు ఎక్కాలా, సీటు దొరికే వెనక బస్సు ఎక్కి మొదటి పీరియడ్ పోగొట్టుకోవాలా? సద్ది తినాలా, స్నేహితులతో బజ్జీలు తినాలా? దోస్తుకు బాగాలేదంటే క్లాసు మానాలా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరవై చిన్న చిన్న సంగతులు అది తేల్చుకుంటోంది. ఇవన్నీ మనకు లెక్కలోకి రావు. "చదువుకుంటున్నావు, నీకేం కష్టం" అనేస్తాం.

ఈ మధ్య నెలకింత అని చేతిలో పెట్టడం మొదలుపెట్టాను. రెండో నెలలోనే ఒక పిల్లకు పరీక్ష ఫీజు కోసం 1,500 రూపాయలు ఇచ్చింది. అవి తిరిగి రాలేదు. ఆ పిల్ల తల్లికి ఫోన్ చేద్దామని నా చెయ్యి దురద పెట్టింది. ఆయనే ఆపారు. నెలాఖరు దాకా మా అమ్మాయి బజ్జీలూ మానింది, కొనాలనుకున్న చున్నీ కూడా మానింది. తర్వాత ఒక రోజు తానే అంది. "ఇంకోసారి ఇయ్యనని కాదమ్మా. పోయినా పర్వాలేదు అనుకున్నంతే ఇస్త." ఈ మాట నేను నేర్పాలంటే ఎన్ని సుద్దులు చెప్పాలి? చెప్పినా ఎక్కేదా?

భయం లేదా అంటే ఉంది. చలికాలం మంచులో, టిప్పర్లు, బూడిద లారీలు తిరిగే రోడ్డు మీద పిల్ల వస్తుంటే ఏ తల్లికి ఉండదు? అందుకే ఎక్కడుందో చెప్పాలి, ఫోన్‌లో ఛార్జింగ్ ఉండాలి, చీకటి పడితే చౌరస్తాకు మాలో ఒకరం వెళ్తాం. వీటిలో బేరం లేదు. అయితే నా భయాన్ని, నా పెత్తనాన్ని ఒకే మూటలో కట్టి "నీ మంచికే" అనడం తప్పు. ఇంటర్ చదివే మా అబ్బాయి బండి తాళం తీసుకుని పోతే, "ఎప్పుడొస్తవ్ రా" అని మాత్రమే అడుగుతాను. ఆ రోడ్డూ అదే, టిప్పర్లూ అవే.

మన బాయిల సంగతే చూడండి. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ స్థాయి పనులకు వీలు కల్పించింది. అందులో ఒక షరతు నాకు చాలా నచ్చింది. ఆ మహిళ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంటే రేపు మన పిల్లల్ని ఎవరో కాగితం ముందు పెట్టి "నీకు సమ్మతమేనా" అని అడుగుతారు. ఉద్యోగంలో అడుగుతారు, పెళ్లిచూపుల్లో అడుగుతారు. పెళ్లిచూపుల్లో నన్ను అడిగితే "మీ ఇష్టం" అన్నాను. మంచి మనిషే దొరికాడు, అది నా అదృష్టం. కానీ ఆ రోజు నాకు ఇష్టమో కాదో నిజంగా నాకే తెలియదు. అంతకుముందు ఏ బస్సు ఎక్కాలో కూడా నేను తేల్చుకున్నది లేదు.

ఇదంతా ఆయనతో అంటే నవ్వి ఒక మాట అన్నారు. "బాయిల సర్దార్ వచ్చి రూఫ్ చూసిపోతడు. అయినా ఎవని నెత్తి మీది రూఫ్‌ను వాడు మళ్లా కొట్టి సప్పుడు వినాలె. వినుడు అలవాటు కావాలె గదా."

నేను అనేదీ అంతే. కాలేజీకి పోయే పిల్ల ఉన్న తల్లులు ఈ నెల ఒక్క సంగతైనా, దానికి అయ్యే పైసలతో సహా పిల్ల చేతిలో పెట్టి చూడండి. తప్పు చేస్తే చేయనివ్వండి. 1,500 దగ్గర నేర్చుకునే తప్పు తర్వాత్తర్వాత చాలా ఖరీదవుతుంది.

నిన్న కూడా మా అమ్మాయి ఏడింటి బస్సుకే వచ్చింది. ముందే ఫోన్ చేసి చెప్పింది. నేను సరే అన్నాను. ఆ "సరే" అనడం నాకింకా పూర్తిగా అలవాటు కాలేదు.