పరుగు మానడమూ ఒక చదువే!

మలక్‌పేట రేసుకోర్సు మా పాతబస్తీకి ఎంతో దూరం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో మౌలాలి నుంచి అక్కడికి మారిన పందేలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఏ గుర్రం గెలిచిందో చెప్పేవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది. గెలవడం మానేసిన గుర్రం ఏమైందని అడిగేవాళ్లే అరుదు!

రెండు మూడేళ్ల వయసుకే పందెంలోకి దిగిన గుర్రం ఐదారేళ్లకే 'రిటైర్' అయిపోవచ్చు. బాగా చూసుకుంటే పాతికేళ్లు బతికే ప్రాణి అది. మరి మిగతా బతుకు మాటేమిటి? అదృష్టం బాగుంటే రైడింగ్ స్కూలుకు చేరి, డ్రెస్సాజ్ నేర్చుకుంటుంది. పేరు వినగానే గుర్రానికి డ్రెస్సు వేయడం అనుకునేరు! అది ఫ్రెంచి మాట, శిక్షణ అని అర్థం. గుర్రం, రౌతు ఒక్క మనసుతో కదలడమే అందులో పోటీ. ఆడా మగా తేడా లేకుండా ఒకే పోటీలో పాల్గొనే ఆట. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన జట్టు ఇందులోనే స్వర్ణం తెచ్చింది. ఆ నలుగురిలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ ఆడపిల్లలే.

మా అన్నయ్య కూతురు రైడింగ్ నేర్చుకుంటోంది. దానికిచ్చింది ఒకప్పటి రేసు గుర్రం. "అంత పరుగెత్తిన గుర్రానికి మైదానంలో నాలుగు చుట్లు తిరగడం ఓ లెక్కా? పోటీకి పేరిచ్చేద్దాం చెల్లెమ్మా" అంటాడు అన్నయ్య. "అది ఇంకా నిలబడటమే నేర్చుకోలేదత్తా" అంటుంది పిల్ల. నా ఓటు పిల్లకే.

ఎందుకంటారా? కొత్త కోడలి సంగతి మనకు తెలియనిది కాదు. పుట్టింట్లో చలాకీతనం అని మెచ్చుకున్నదే అత్తింట్లో దుడుకుతనం అవుతుంది. ఈ గుర్రం గతీ అంతే. జాకీ పగ్గాలు బిగిస్తే వాటి మీద ఆనుకుని ఇంకా ముందుకు దూకడమే దానికి నేర్పిన విద్య. ఇక్కడ అదే పని చేస్తే 'మాట వినదు, పొగరు' అంటారు. జాకీ రికాబులు పొట్టిగా పెట్టుకుని కాళ్లు పైకి ముడుచుకుంటాడు. అందుకని రౌతు కాలు డొక్కలకు తగిలితేనే ఇది ఉలిక్కిపడుతుంది. నడుస్తుండగానే జాకీని వీపు మీదికి ఎక్కించుకునే అలవాటు కనక, ఎక్కేదాకా కదలకుండా నిలబడటం కూడా కొత్త పాఠమే. తప్పు దానిది కాదు, మారింది ఇల్లు!

తొలిమెట్టు పోటీకి 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు మైదానం చాలు. నడక, చిన్న పరుగు, గుండ్రంగా తిరగడం, ఆగి నిలబడటం... ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు. వేగానికి మార్కులుండవు. కాబట్టి 'ఎన్ని నెలలైంది?' అని క్యాలెండరును అడిగి లాభం లేదు, గుర్రాన్నే అడగాలి. ముందు పళ్లు, వీపు, గిట్టలు డాక్టరుకి చూపించాలి. ఒళ్లు మారేకొద్దీ జీను సరిపోతోందో లేదో మళ్లీ మళ్లీ చూడాలి. నొప్పితో ఎగిరే గుర్రాన్ని మొండిదనడం అన్యాయం. పగ్గాలు వదులు చేస్తే తల దించి నింపాదిగా నడుస్తోందా? కుడికీ ఎడమకీ ఒకేలా తిరుగుతోందా? పరుగులోంచి పెనుగులాట లేకుండా నడకలోకి వస్తోందా? తోటి గుర్రాలు పక్కనుంచి దౌడు తీసినా తన పని తాను చూసుకుంటోందా? ఇవన్నీ ఒక్కరోజు కాదు, రోజూ జరగాలి. ఆపైన, పోటీ జరిగే చోటికి ఒకసారి ఊరికే తీసుకెళ్లి తిప్పి తీసుకురావాలి. గుంపు, మైకు, కొత్త చోటు చూసి అది మళ్లీ రేసు రోజే అనుకుంటే, ఆ ఏడాదికి ఇంటి దగ్గర పాఠమే మేలు.

కొన్నిటికి కొన్ని నెలలు చాలు, కొన్నిటికి ఏడాది దాటినా చాలదు. ఈ ఆలస్యానికి ఖర్చుంది, దాణా, సయీసు జీతం ఊరికే రావు. కానీ తొందరపడితే పోయేదేమిటో చూడండి. బెదిరిన గుర్రం మీంచి పడేది మన పిల్ల. 'పనికిరాదు' అనే ముద్ర పడేది గుర్రానికి. ఆ ముద్రతో చేతులు మారిన గుర్రానికి మూడో అవకాశం ఎవరిస్తారు?

పిల్లలకు స్వారీ నేర్పించే అమ్మలూ, ఈసారి పోటీ ఫారం ఇంటికొస్తే సంతకానికి ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఈ తొందర గుర్రానిదా, పిల్లదా, మనదా? మనదే అయితే, ఆ ఫారం వచ్చే ఏడాది దాకా బీరువాలో ఉండనివ్వండి.